సొరంగం అర్జీలో కొట్టేసిన వాక్యం

మా వాడలో భూమి కింద నడిచే రైలు ఎక్కినవాణ్ని నేనొక్కణ్నే. రెండు వేల తొమ్మిదిలో ఒక విద్యా సదస్సు కోసం ఢిల్లీ వెళ్లినప్పుడు, ఖాళీ దొరికిన ఒక మధ్యాహ్నం, ఏ పనీ లేకపోయినా టోకెన్ కొనుక్కుని మెట్లు దిగాను. నాలుగు స్టేషన్లు ప్రయాణించి, అదే దారిన వెనక్కి వచ్చాను. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో ఆహ్వాన పత్రిక వెనక రాసుకున్నాను. రైలు కనబడకముందే సొరంగంలోంచి ముఖానికి కొట్టే గాలి, రైలు తన ముందు నెట్టుకొచ్చే గాలేనని నాకు నేనే వివరించుకుని సంతోషపడ్డాను.

ఆ అరగంట ప్రయాణాన్ని హైదరాబాదులో మూడేళ్లపాటు చెప్పుకున్నాను. నారాయణగూడలో నేను భౌతికశాస్త్రం చెప్పే కళాశాల స్టాఫ్ రూములోనూ, మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ సమావేశాల్లోనూ, సొరంగం మాట ఎవరెత్తినా అందరి కళ్లూ నావైపు తిరిగేవి. ఎవరేం చెప్పినా ఆధారం అడిగేవాణ్నన్న పేరు నాకు అప్పటికే ఉంది. విద్యార్థులు నా వెనక నన్ను "ప్రూఫ్ సార్" అనేవారు. ఆ పేరు విని కోపం నటించేవాణ్ని గానీ, నాకు అది ఇష్టమే.

చిక్కడపల్లి పెద్ద రోడ్డు మీద, ఒక పాత మేడ మొదటి అంతస్తులో, ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పద్నాలుగు మిషన్లు. పది ఇంగ్లీషువి, నాలుగు తెలుగువి. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు లోయర్, హయ్యర్ సర్టిఫికెట్ల కోసం అక్కడికి వచ్చేవారు. దాన్ని నడిపే ఆవిడకు యాభై దాటాయి. బర్కత్‌పుర నుంచి రోజూ నడిచి వచ్చి ఉదయం ఆరున్నరకే తలుపులు తీసేది. పదహారేళ్ల వయసులో అదే గదిలో టైపు నేర్చుకుని, నేర్పిన ముసలాయన పోయాక ఆ మిషన్లను, కిరాయి గదిని తనే నిలబెట్టుకుంది. వీధివాళ్లకు ఆవిడ అక్క. పిల్లలకు మేడం. నేనూ మేడం అనే పిలిచేవాణ్ని. తెలుగు మాధ్యమం వాళ్ల కోసం నేను రాసే ప్రశ్నపత్రాలు ఆవిడే టైపు చేసేది. ప్రూఫు నేను దిద్దాక ఇక మళ్లీ చూసేది కాదు. "సార్ చూసినంక తప్పుంటదా?" అనేది.

రెండు వేల పన్నెండులో ఆ రోడ్డు గోడల మీద ఎర్ర రంగు గీతలు పడ్డాయి. రోడ్డు మధ్యలో స్తంభాలు లేపి వాటి మీద రైలు నడుపుతారని, అందుకోసం ఆ గీతల దాకా కూల్చి రెండు పక్కలా రోడ్డు వెడల్పు చేస్తారని అందరికీ అర్థమైంది. ఇన్‌స్టిట్యూట్ ఉన్న మేడలో గీత ముందుగోడ దాటి లోపలి గోడ మీద పడింది. లోపల ఒక సిమెంటు పిల్లరు ఉంది, మేడ బరువంతా దాని మీదే. గీత ఆ పిల్లరుకు రెండడుగులు అవతల, లోపలి వైపున ఉంది. అంటే పిల్లరు పోతుంది. పిల్లరు పోతే మేడ మొత్తం దింపాల్సిందే. గీత రెండడుగులు ఇవతల ఆగి ఉంటే ముందు వరస మిషన్లు మాత్రం పోయి, వెనక వరసలతో ఇన్‌స్టిట్యూట్ నడిచేది. ఆవిడకు సంబంధించినంత వరకు మొత్తం వ్యవహారం ఆ రెండడుగులే.

రోడ్డువాళ్లంతా కలిసి, లైను మా దగ్గర భూమి కిందికి దించమని అర్జీ పెట్టుకోవాలనుకున్నారు. ఎక్కువ స్టూళ్లున్న చోటు అదే కాబట్టి ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌లో సమావేశం పెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు అధ్యక్షత వహించారు. వాళ్లదీ మాలాగే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అర్జీ రాసే పని నాకు అప్పగించారు.

"మాస్టారూ, అర్జీకి బలం ఉండాలండీ," అన్నారాయన. "ఒక్క అబద్ధం దొరికిందా, మొత్తం పక్కన పడేస్తారు. మీరు దగ్గరుండి వడపోయాలి."

వడపోత నాకు పండగ. ఒక్కొక్కరే లేచి తమ కారణాలు చెప్పారు. ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన ఉత్సాహంగా లేచాడు. "సార్, ఈడ కింద నవాబుల సొరంగం ఉన్నదంట. సీదా గోల్కొండ దాక పోతదని మా తాత చెప్పిండు. కొత్తగ తవ్వుడెందుకు, దాంట్లనే పట్టాలేస్తే అయిపాయె!"

"మీ తాతగారు అందులో నడిచారా?"

"ఆయన నడ్వలే సార్. ఆయన దోస్తుది కోడి పోయింది దాంట్లకు."

"పోయి గోల్కొండలో తేలిందా?"

"అది ఎర్కలేదు సార్. మల్ల రాలే."

"వస్తే సాక్షి సంతకం పెట్టిద్దాం," అన్నాను. గది గదంతా నవ్వింది, ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. అద్దాల దుకాణం ఆయన లేచి, "రైలు కింద నుంచి పోతే నా అద్దాలు పగుల్తయి, పైనుంచి పోతే నా దుకాణమే పోతది. అద్దాలు పోతే పోనీ, కింద నుంచే పొమ్మని అడగండ్రి," అన్నాడు. ప్రకంపనలకు ఆధారం లేదని అదీ తీసేశాను.

ఇంజనీరు గారు కూడా ఒక మాట చెప్పారు. "ఈ రోడ్డు సంగతి నాకు బాగా తెలుసండీ. డివైడర్‌కి ఇటు ఎంతో అటూ అంతే." ఆ మాటను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడగలేదు. ఆనాడు ఆ గదిలో నేను ఆధారం అడగని మాట అదొక్కటే.

అందరూ చెప్పినవి మేడం బాల్‌పెన్నుతో తెల్ల ఠావుల మీద రాసుకుంది. మొత్తం తొమ్మిది అంశాలు. నేను పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. తొమ్మిదోది ఆవిడ సొంతం. దాన్ని మాట మారకుండా, మురికి కాలువను మోరీ అన్న మాటతో సహా, ఇప్పటికీ చెప్పగలను:

"డివైడర్ రోడ్డుకు నడిమిట్ల లేదు. మన దిక్కు జరిగి ఉన్నది. అవుతల దిక్కు మోరీ మీద బండలు పరిచి రోడ్డుల కలిపినంక డివైడర్ జరపలేదు. అందుకే ఎర్రగీత మన దిక్కు ఎక్కువ లోపలికి వచ్చింది."

"దీనికి ఆధారమేమిటి మేడం?" అన్నాను.

"ఆధారమేంది సార్? ఇర్వై ఏండ్ల సంది ఈ కిటికీ కాడ కూసుంటున్న. మోరీ మీద బండలేసింది నా కండ్ల ముందట్నే."

"చూడటం వేరు, కొలవడం వేరు."

"మరి కొలుద్దాం పాండ్రి. మీ కాలేజీల టేపు ఉండదా?"

"ఈ ట్రాఫిక్‌లో రోడ్డుకు అడ్డంగా టేపు పట్టుకుని నిలబడితే, రైలు వచ్చేదాకా మనం ఉండం," అన్నాను. మళ్లీ నవ్వులు. అక్కడితో ఆగి ఉండవలసింది. నవ్వు రుచి తగిలింది కదా, ఇంకొకటి అన్నాను. "అయినా నడిమిట్ల, అవుతల దిక్కు అని రాసిస్తే ఆఫీసులో అర్జీ చదవరు మేడం, నవ్వుకుంటారు."

ఈసారి అందరూ నవ్వలేదు. ఇంజనీరు గారు నవ్వారు, మా అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఇద్దరు నవ్వారు. ఆవిడా నవ్వింది, కానీ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. నేను తొమ్మిదో అంశం మీద అడ్డంగా గీత గీశాను. పక్కన "ఆధారం లేదు" అని రాశాను.

నేను రాసుకున్న ఇంజనీరు గారి మాటనూ, కొట్టేసిన ఆవిడ మాటనూ తర్వాత చాలాసార్లు పరీక్షించుకున్నాను. ఇంజనీరు గారి మాటకూ ఆధారం లేదు. ఆవిడ మాటకు కనీసం కంటితో చూసిన సాక్ష్యం ఉంది, పైగా కొలుద్దాం రమ్మని పిలిచింది. పరీక్షకు సిద్ధపడిన వాదనను కొట్టేసి, పరీక్ష ఊసే లేని వాదనను రాసుకున్నాను. ఆయనది నేను ఇంట్లో వినే తెలుగులో వచ్చింది, ఆవిడది నేను వీధిలో వినే తెలుగులో వచ్చింది. అంతకు మించి కారణం నాకు దొరకలేదు. అది ఉద్యమాల కాలం. ఎవరి యాసను చూసి ఎవరు నవ్వుతున్నారన్నది ప్రతి ఇంట్లోనూ, ప్రతి బస్సులోనూ చర్చకు వచ్చేది. ఆ చర్చల్లో నేను కూడా పాల్గొని, మనుషులను వాదనను బట్టే తూచాలి తప్ప యాసను బట్టి కాదని చెప్పేవాణ్ని.

అర్జీ మూడు పేజీలు వచ్చింది. భూగర్భ మార్గం వల్ల కలిగే ప్రయోజనాలు, నగరం కింది గ్రానైటు దృఢత్వం, ఇతర నగరాల అనుభవం, అన్నీ వరసగా పేర్చాను. నా ఢిల్లీ ప్రయాణం కూడా ఒక వాక్యంగా వచ్చింది. మేడం దాన్ని తెలుగు మిషన్ మీద కార్బన్లు పెట్టి టైపు చేసింది. తన వాక్యం లేని అర్జీని తన వేళ్లతోనే కొట్టింది. ఎక్కడా ఒక్క అక్షరం తప్పు పోలేదు.

అభ్యంతరాలు వినే రోజున ఆరుగురం వెళ్లాం. అధికారి మర్యాద తెలిసిన మనిషి. అందరినీ కూర్చోబెట్టి మూడు పేజీలూ చదివాడు.

"చాలా బాగా రాశారు," అన్నాడు. "కానీ లైను కిందికి దించాలా వద్దా అన్నది నా బల్ల మీద తేలే విషయం కాదు. పైకి పంపుతాను. నా చేతిలో ఉన్నవి కొలతలు. గీతల్లో తేడా ఉందని మీలో ఎవరైనా రాసిచ్చారా? రాసిస్తే మళ్లీ కొలిపిస్తాను. ఇవాళే ఆఖరు రోజు."

"కొలతలతో మాకు పేచీ లేదండీ," అన్నారు ఇంజనీరు గారు.

మేడం నావైపు చూసింది. నేను ఫైలు తాడు ముడి వేస్తున్నాను. ఆవిడ నోరు తెరిస్తే చాలు, ఒక కాగితం అడిగి రెండు వాక్యాలు రాసిస్తే చాలు. రాయలేదు. ఆధారం లేదని నేను తేల్చిన విషయాన్ని నలుగురి ముందు మళ్లీ ఎత్తి నన్ను చిన్నబుచ్చడం ఆవిడకు ఇష్టం లేకపోయిందని అప్పట్లో అనుకోలేదు. తన తప్పు తనకు అర్థమైందనుకున్నాను. బస్సు దిగాక ఆవిడ, "సొరంగం గురించి మంచిగ రాసిండ్రు సార్," అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

కొన్ని వారాల తర్వాత ఒక బంద్ వచ్చింది. ఆ ఏళ్లలో బందులు మాకు అలవాటే. కళాశాల లేదు, బస్సులు లేవు. పొద్దున్నే చిక్కడపల్లి రోడ్డు మీదికి వస్తే, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీ. కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి. డివైడర్ పక్కన నిలబడి చూశాను. ఎడమపక్కకూ కుడిపక్కకూ తేడా ఉన్నట్టు అనిపించింది. ట్రాఫిక్ నిండా ఉన్నప్పుడు కనిపించని తేడా.

ఇంటికి వెళ్లి, ప్రయోగశాల నుంచి ఎప్పుడో తెచ్చిన పొడవాటి టేపు పట్టుకొచ్చాను. ఒక కొసను డివైడర్ దగ్గర ఇటుక కింద అదిమిపెట్టి, రెండో కొస పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ వైపు కాలిబాట దాకా నడిచాను. ఇరవై రెండు అడుగులు. అవతలి వైపు ముప్పై. ఒక్క కొలతను నమ్మకూడదన్న నియమం ప్రకారం మూడుసార్లు కొలిచాను. అంగుళాల్లో తేడా వచ్చింది తప్ప అడుగుల్లో రాలేదు. అవతలి కాలిబాట పక్కన వంగి చూస్తే, తారు కింద బండల అంచులు వరసగా కనిపించాయి. మోరీ మీద పరిచిన బండలు.

గీతలు గీసినవాళ్లు డివైడర్ నుంచి రెండు వైపులా సమానంగా లెక్కపెట్టారు. అసలు మధ్య నుంచి లెక్కపెడితే మా వైపు గీత నాలుగు అడుగులు బయటికి జరుగుతుంది. పిల్లరు దక్కాలంటే కావలసినవి రెండడుగులు. కూడికలు, తీసివేతలు నోట్‌బుక్కులో వేసి, కింద తేదీ వేసి, సంతకం కూడా పెట్టాను. ప్రయోగం రికార్డు రాసే అలవాటు.

తర్వాత టేపు చుట్టుకుని ఇంటికి వచ్చాను. మేడంకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నాకు నేను ఇచ్చుకున్న జవాబులన్నీ పైకి పద్ధతిగా ఉంటాయి. గడువు దాటిపోయింది. ఇప్పుడు చెబితే ఆవిడకు బాధ తప్ప ప్రయోజనం లేదు. ఒకరు కొలిచిన కొలత సర్వే కాదు. ఒక్కొక్క జవాబునూ ఇంకొకరు చెప్పి ఉంటే నేను ఏం చేసేవాణ్నో నాకు తెలుసు. గడువు దాటాక అధికారి వినడని నేను రుజువు చేసుకోలేదు, ఆ గది దాకా వెళ్లి అడగలేదు. నోట్‌బుక్ పట్టుకుని వెళ్తే, నేను కొట్టేసిన వాక్యం గురించి కూడా చెప్పాల్సి వచ్చేది. అసలు కారణం అదొక్కటే.

ఆ తర్వాత కళాశాలకు వెళ్లే దారి మార్చాను. పెద్ద రోడ్డు వదిలేసి గల్లీల్లోంచి తిరిగి వెళ్లేవాణ్ని. రెట్టింపు సమయం పట్టేది. ప్రశ్నపత్రాలు నారాయణగూడలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో కొట్టించడం మొదలుపెట్టాను. ఫాంటు బాగుంటుందని సహోద్యోగులకు చెప్పాను. నిజానికి ఒత్తులు విడిపోయి, మిషన్ మీద కొట్టినంత శుభ్రంగా కూడా వచ్చేవి కావు.

మేడను రెండు వేల పద్నాలుగు మొదట్లో దింపారు. సగం కూలిన మొదటి అంతస్తు గోడ మీద, వేళ్లకు అక్షరాలు పంచి చూపించే కీబోర్డు పటం ఇంకా అతికి ఉండటం దూరం నుంచి చూశాను. దగ్గరికి వెళ్లలేదు. మా సొరంగం సంగతి పైనుంచి ఏ జవాబూ లేకుండానే ముగిసిపోయింది.

ఆ వేసవిలో ఒక సాయంత్రం మా ఇంటి వెనక గల్లీలో టైపు మిషన్ చప్పుడు వినిపించింది. హాస్టళ్ల మధ్య, మెట్ల కింద ఒక చిన్న గది. మూడు మిషన్లు, మూడు స్టూళ్లు. మిగిలిన పదకొండూ పాత ఇనుము కింద పోయాయని తర్వాత తెలిసింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఒక రిబ్బన్ చుడుతోంది. తప్పించుకునే వీలు లేకపోయింది.

"రండి సార్, రండి. చానా రోజులాయె. కూసోండ్రి."

ఒక మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆరోగ్యం గురించి అడిగింది. పిల్లల చదువుల గురించి అడిగింది. ఇక అక్కడ మామూలు మాటలు మాట్లాడటం నావల్ల కాలేదు.

"మేడం, మీకు ఒక విషయం చెప్పాలి. అర్జీలో నేను తీసేసిన మీ మాట నిజం. డివైడర్ మధ్యలో లేదు. నేను కొలిచాను. నాలుగడుగుల తేడా వచ్చింది. మీ పిల్లరు దక్కేది."

ఆవిడ రిబ్బన్ చుట్టడం ఆపలేదు. "ఎర్కే సార్," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? బంద్ నాడు పిల్లలు రారు గద, మిషన్లకు నూనె పెడ్దామని పొద్దుగాలనే వచ్చిన. కిటికీ నుంచి చూస్తే మీరు టేపు పట్టుకొని రోడ్డు మీద వంగిండ్రు. ఒక్కసారి గాదు, మూడుసార్లు కొలిచిండ్రు. బుక్కుల రాసుకున్నరు."

"నన్ను పిలవలేదేం?"

"మీరే పైకొస్తరనుకున్న. సగం షట్టర్ దించుకొని కింద హోటలాయన చాయ్ పోస్తుండె. రెండు చెప్పిన."

ఆవిడే మళ్లీ అంది, "వారం చూసిన. నెల చూసిన. మీరు మా రోడ్డు దిక్కే వస్తలేరాయె. నేనొక్కదాన్ని ఆఫీసుకు పోయిన సార్, ఒకపారి. ఆ సారు మంచిగనే మాట్లాడిండు. కొలిచిన కాయితం ఏదన్న ఉంటే తెమ్మన్నడు, చూస్తనన్నడు. కాయితం మీ తాన ఉండె."

గడువు దాటాక కూడా అధికారి వినేవాడు. నేను రుజువు చేసుకోనిది ఆవిడ వెళ్లి చూసి వచ్చింది. తేదీ, సంతకం ఉన్న ఆ పేజీ అప్పుడు మా ఇంట్లో, నా బల్ల సొరుగులో ఉంది.

"నన్ను అడిగి ఉండాల్సింది," అన్నాను. అన్న మరుక్షణమే ఆ మాట ఎంత నీచంగా ఉందో నాకు వినిపించింది.

"అడుగుదామనే మీ ఇంటి దాక వచ్చిన. గేటు కాడికొచ్చి వాపస్ పోయిన. మీరు చెప్పొద్దనుకున్నదాన్ని నేనెట్ల అడుగుత సార్?"

"ఇప్పుడైనా రాసిస్తాను. నా తప్పు వల్లే జరిగిందని రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఎక్కడికైనా పట్టుకెళ్దాం."

"ఇప్పుడేం రాస్తరు? ఆడ బిల్డింగే లేదు గద."

ఆవిడ గొంతులో కోపం కోసం వెతికాను. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. గల్లీలో ముగ్గురు అమ్మాయిలు చెప్పులు విడుస్తున్నారు. ఇద్దరు లోపలికి వచ్చి చెరో మిషన్ ముందు కూర్చుని కాగితాలు ఎక్కించారు. మూడో అమ్మాయి నా పక్కన వచ్చి నిలబడింది.

"జర లేవండ్రి సార్," అంది మేడం. "ఆరు గంటల బ్యాచ్. ఈడ ఇంకొకరు నిలబడనీకె గూడ జాగ లేదు."

లేచాను. తలుపుకూ మిషన్‌కూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు మాత్రమే ఉంది. నేను గల్లీలోకి వచ్చేదాకా ఆ అమ్మాయి గోడకు అతుక్కుని ఆగి, తర్వాత నేను లేచిన స్టూలు మీద కూర్చుంది. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆవిడ, "చూసి కొట్టుండ్రి, తొందర లేదు," అంటోంది.